నల్లరాతి శిల్పం, పడుకొన్న భంగిమ

పోలాబత్తుల నూకరత్నం గేదె కస్తూరి మునిసిపల్ పార్కులో దూరి, కమిషనరుగారు కొరియా నుంచి తెప్పించి వేయించిన గడ్డిని ఈ మూల నుంచి ఆ మూల దాకా శుభ్రంగా మేసింది. మునిసిపాలిటీ వాళ్లు దాన్ని తోలుకెళ్లి బందెలదొడ్డిలో కట్టేశారు. ఇంతవరకూ ఎవరి తప్పూ లేదు. గడ్డి కనిపిస్తే మేయడం గేదె పని, మేసే గేదె కనిపిస్తే పట్టుకెళ్లి కట్టేయడం మునిసిపాలిటీ పని. జరిమానా కడితే గేదె ఇంటికొస్తుంది. దొరల కాలం నుంచీ చింతలదిబ్బలో ఈ వ్యవహారం సాఫీగానే సాగుతోంది.

మర్నాడు పొద్దున్నే నూకరత్నం జరిమానా డబ్బులు కొంగున ముడేసుకుని, కొత్త పలుపు ఒకటి భుజాన వేసుకుని బందెలదొడ్డికి బయల్దేరింది. కస్తూరి మెడకున్న పలుపు నాని నాని పీచులు తేలింది. పైగా అది నెలలు నిండిన చూడిగేదె, ఇవాళో రేపో ఈనేలా ఉంది. ఇంటి దగ్గర పాకలో మెత్తగా గడ్డి పరిచి, పక్కనే తవుడు కలిపి పెట్టి మరీ వచ్చింది. దాని తొలిచూలు ఈత తన చేతుల మీదే జరిగింది. ఈసారి కూడా పక్కనే ఉండాలని ఆమె పట్టుదల.

తీరా వచ్చేసరికి ఇటుక కమాను కింద గేటుకు అడ్డంగా పసుపు రిబ్బను కట్టి ఉంది. కాపలాదారు ఏసుపాదం రిబ్బను అవతల బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

"జరిమానా తీసుకుని గేదినిప్పు తమ్ముడూ," అంది నూకరత్నం.

"ఇప్పడానికి లేదక్కా. ఇయ్యాల్టి నుంచి ఇది బందెలదొడ్డి కాదంట."

"మరేంటంట?"

"వారసత్వమంట," అన్నాడు ఏసుపాదం, తనకేదో జబ్బు చేసిందని డాక్టరు చెప్పినట్టు.

ఇక్కడ చింతలదిబ్బ గురించి రెండు ముక్కలు చెప్పాలి. అది ఒకప్పుడు ఊరు. నగరం పెరిగి పెరిగి దాన్ని మింగేశాక శివారయింది. శివారుగా ఉండటం నామోషీ అనిపించి ఈమధ్యే డౌన్‌టౌన్ కావాలని బయల్దేరింది. డౌన్‌టౌన్ కావాలంటే పాత కట్టడాలుండాలని, వాటిని కూలగొట్టకుండా కొత్త పనికి వాడుకోవాలని పైనుంచి ఒక పథకం వచ్చింది. ఆ ఉత్సాహంలో పాత రైసుమిల్లు కాఫీ హోటలయింది. పాత తపాలా ఆఫీసు బ్యూటీ పార్లరయింది. జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్లినవాళ్లు స్టాంపుల కిటికీలోంచి తల లోపలికి పెట్టాలి. కట్టడం స్వభావం చెడకూడదు కదా. ఇక మిగిలింది బందెలదొడ్డి. దాన్ని చిత్రకళ, కాఫీ కలిసిన ప్రాంగణంగా మార్చాలని నిర్ణయం జరిగింది. అయితే ముందు అందులో ఏమేం ఉన్నాయో రాసి గెజిట్లో వేయాలి. వేసిన క్షణం నుంచి వాటిలో దేన్నీ కదిలించరాదు, కడగరాదు, మార్చరాదు. లోపలికెళ్తే బట్టలు పాడవుతాయని అధికారులు ముందురోజు సాయంత్రం ఆకాశంలోంచి డ్రోనుతో ఒక ఫొటో తీయించి, ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని అంశాలు రాసి, రాత్రికి రాత్రే గెజిట్లో వేయించారు. ఇటుక కమాను. రాతి తొట్టి. ఇనుప కొంకీలు. నల్లరాతి శిల్పం, పడుకొన్న భంగిమ, కాలం అనిశ్చితం.

ఆ నల్లరాతి శిల్పం రిబ్బను అవతల నెమరేస్తూ, నూకరత్నాన్ని చూసి అంబా అంది.

*

మునిసిపల్ ఆఫీసులో వారసత్వ విభాగానికి అధికారి సూర్యప్రభాకరంగారు. నిబంధనల పుస్తకం తప్ప ఇంకో పుస్తకం చదివిన పాపాన పోని మనిషి. దాన్ని మాత్రం భక్తిగా చదివాడు.

"బాబూ, ఆ నల్లరాయి రాయి కాదండి. మా కస్తూరి. గేదండి," అంది నూకరత్నం.

ఆయన ఫొటోను భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశాడు. "కావచ్చు," అన్నాడు.

"కావచ్చేంటి బాబూ! తోక ఊపుతుంది కదండి!"

"ఫొటోలో ఊపడం లేదు."

ఆయనే దయతలచి విడమరిచాడు. "చూడమ్మా. గెజిట్ అచ్చయిపోయింది. శిల్పం కాదు, గేదె అని ఇప్పుడు మేమే రాస్తే, మిగతా ప్రాంగణాల్లో శిల్పాలు శిల్పాలేనా అని పైవాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్న ఉత్పన్నం కావడం ప్రజాప్రయోజనం దృష్ట్యా వాంఛనీయం కాదు. నువ్వేమీ బెంగపెట్టుకోకు. నిన్నటిదాకా అది నీ ఒక్కదాని గేదె. ఇవాళ్టి నుంచి జాతి సంపద."

"జాతి సంపదకి తవుడెవరు పెడతారండి?"

ఆయన మొహం వెలిగింది. పుస్తకంలో ఉన్న ప్రశ్న అడిగినందుకు ఆమె మీద అభిమానం కూడా కలిగింది. "వారసత్వ అంశాన్ని మూల పదార్థంతోనే నిర్వహించాలి. సున్నంతో కట్టిన గోడకు సున్నమే పూయాలి, సిమెంటు పనికిరాదు. నోటిఫికేషన్ నాటికి ఈ అంశం లోపల ఉన్న మూల పదార్థం ఏమిటి?"

నూకరత్నం ఆలోచించింది. "పార్కులో గడ్డండి."

అలా కస్తూరికి రోజూ పూటపూటా కొరియా గడ్డి కోయించి పెట్టాలని ఉత్తర్వు వెలువడింది. పార్కు తోటమాలి కన్నీళ్లు పెట్టుకుంటూ గంపలకెత్తాడు. ఏ గడ్డి మేసినందుకు పట్టుకొచ్చారో ఆ గడ్డినే కూర్చోబెట్టి మేపుతుంటే కస్తూరి ఏమనుకుందో తెలియదు గానీ, మేయడం మాత్రం మానలేదు.

నూకరత్నం తెచ్చిన కొత్త పలుపును ఆయన వేలితో ముట్టి పక్కకు నెట్టేశాడు. "పాత పలుపు ఫొటోలో ఉంది. అది మూల పలుపు."

"తెగిపోద్ది బాబూ."

"శిథిలమవడం దాని హక్కు," అన్నాడు సూర్యప్రభాకరం.

"పోనీ, పేడలో దొర్లింది. కాసిని నీళ్లన్నా పోసి కడగనివ్వండి."

"అది పేడ కాదమ్మా. కాలం పూసిన పూత. దాన్ని గీకితే జైలు."

*

నూకరత్నానికి సందర్శకురాలి హోదాలో ఒక కార్డిచ్చారు. రోజూ రిబ్బను ఇవతల నిలబడి తన గేదెను తాను చూసుకోవచ్చు. ముట్టుకోరాదు. కస్తూరి ఆమెను చూడగానే మెడ సాచేది. పాలు తీసి వాడుక ఇళ్లకు పోసుకునే ఆడమనిషి, గేదెను జంతుప్రదర్శనశాలలో పులిని చూసినట్టు దూరం నుంచి చూడాల్సి వస్తుందని ఎన్నడూ ఊహించలేదు. "ఇంకొన్నాళ్లు ఓర్చుకోవే తల్లీ," అని అక్కణ్నుంచే చెప్పేది. ఆ పక్కన కాలేజీ పిల్లలు ఆమెను కూడా కలిపి ఫొటో తీసుకునేవాళ్లు.

ఈలోగా పెద్ద ఊరి నుంచి వారసత్వ సలహాదారు నీహారికగారు వచ్చింది. ముతక నేతచీర, చక్రాల్లాంటి కళ్లజోడు. వచ్చీరాగానే ఇటుక గోడకు చెవి ఆనించి కళ్లు మూసుకుంది. ఆమె వెనకే కమిషనరు పురుషోత్తంగారు కూడా చెవి ఆనించారు. ఏసుపాదం ఆనించబోయి, గోడకు అవతల మునిసిపల్ మూత్రశాల ఉన్న సంగతి గుర్తొచ్చి మానుకున్నాడు.

"గోడలు మాట్లాడుతున్నాయి," అందామె.

"నాకూ కొద్దిగా వినిపించిందండి," అన్నారు పురుషోత్తంగారు.

తరవాత ఆమె కస్తూరి చుట్టూ ప్రదక్షిణ చేసి, సమావేశంలో తన అభిప్రాయం చెప్పింది. "పునర్వినియోగం అంటే పాత అంశానికి కొత్త పని. రైసుమిల్లులో బియ్యం ఆడించడం లేదు కదా? అలాగే ఈ అంశం గేదెగా తన ప్రయాణం ముగించింది. ఇకమీదట పాలు ఇవ్వడం లాంటి మూల వినియోగాలు కొనసాగితే పథకం స్ఫూర్తి దెబ్బతింటుంది."

"చూడిగేదండి. ఈనితే పాలిస్తదండి. అది నేనాపేది కాదండి," అంది నూకరత్నం గుమ్మం దగ్గర నుంచి. స్థానిక భాగస్వామి కింద ఆమెను కూడా పిలిచారు. కుర్చీ మాత్రం వేయలేదు.

"ఆమె ఆవేదనను నమోదు చేద్దాం," అన్నారు కమిషనరుగారు. నమోదు చేశారు.

ఎంతో తర్జనభర్జన జరిగాక, కాఫీకి వచ్చేవాళ్ల చేతిసంచులు తగిలించుకోవడానికి కస్తూరి కొమ్ములను వినియోగించాలని తీర్మానించారు. మేకు కొట్టనక్కర్లేదు, రంధ్రం పెట్టనక్కర్లేదు, కావాలంటే ఎప్పుడైనా తీసేయవచ్చు. ఇంతకన్నా సున్నితమైన జోక్యం తన అనుభవంలో లేదని నీహారికగారు మెచ్చుకుంది. ప్రయోగాత్మకంగా కమిషనరుగారు తన తోలు సంచీ తగిలించారు. కస్తూరి తల ఒక్క విసురు విసిరింది. సంచీ వెళ్లి రాతి తొట్టిలో పడింది. తొట్టిలో పడ్డదాన్ని తీయవచ్చా, అది కూడా అంశమవుతుందా అన్న దానిపై ఆ సాయంత్రం వేరే సమావేశం జరిగింది.

*

కస్తూరి ఈనింది. పెయ్యదూడ. నుదుట తెల్లని బొట్టు.

ఏసుపాదం పరుగున వచ్చి చెబితే నూకరత్నం పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి పరిగెత్తింది. రిబ్బనూ నిబంధనా ఏవీ ఆమెను ఆపలేదు. కింద నుంచి దూరి లోపలికి వెళ్లి, దూడ ముక్కు తుడిచి, కొంగుతో ఒళ్లంతా ఒత్తి, పొదుగు దగ్గరికి నడిపించింది. దూడ తడబడుతూ నిలబడి పాలు అందుకుంది. నూకరత్నం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నా తల్లే, నా బంగారమే," అని తల్లినీ పిల్లనూ కలిపి ముద్దులాడింది.

శిల్పం ఈనిందని మర్నాడు పేపర్లో పడింది. రాష్ట్ర వారసత్వ కమిటీ వాళ్లు అదిరిపడి, ఇకమీదట డ్రోనులు పనికిరావనీ, సంబంధిత అధికారులు స్వయంగా ఆవరణ లోపల నిలబడి, ప్రతి అంశాన్నీ కళ్లారా చూసి, అక్కడే సంతకం పెట్టాలనీ సర్క్యులర్ పంపారు. కస్తూరి గురించి మాత్రం ఏమీ అనలేదు. అచ్చయింది అచ్చయిందే.

అసలు చిక్కు దూడతో వచ్చింది. సూర్యప్రభాకరంగారు ఫొటోను ఎటు తిప్పి చూసినా అందులో దూడ లేదు.

"నోటిఫికేషన్ తరవాత, అనుమతి లేకుండా, మూల కట్టడానికి ఆనుకుని వెలసిన అదనపు నిర్మాణం," అని తేల్చాడాయన. ఆ సమయానికి దూడ పాలు తాగుతోంది. ఆనుకునే ఉంది, కాదనడానికి లేదు.

టౌన్ ప్లానింగ్ వాళ్లు టేపు పట్టుకొచ్చి దూడ ఎత్తు, పొడవు కొలిచారు. తల్లికీ పిల్లకీ మధ్య వదలాల్సిన ఖాళీ స్థలం వదల్లేదని రాసుకున్నారు. నోటీసును నిర్మాణం మీదే అతికించాలని నిబంధన కాబట్టి జిగురు రాసి దూడ వీపున అతికించారు. కస్తూరి దాన్ని ఆప్యాయంగా నాకి తీసేసింది. నోటీసు అందినట్టు, మూల కట్టడం స్వీకరించినట్టు ఫైల్లో రాశారు. రెండో ప్రతిని నూకరత్నం చేతికిచ్చారు.

ఏసుపాదం చదివి వినిపించాడు. అక్రమ నిర్మాణాన్ని యజమాని తక్షణం తొలగించని పక్షంలో మునిసిపాలిటీయే కూల్చివేయును.

కూల్చివేయడమన్న మాట చెవిన పడగానే నూకరత్నం దూడకు అడ్డం నిలబడింది. "వద్దు బాబూ! నేనే తీసేస్తాను. ఇప్పుడే తీసుకుపోతాను!"

సూర్యప్రభాకరంగారు కమాను నీడన వేయించుకున్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చింతలదిబ్బ చరిత్రలో నోటీసు అందుకున్నవాళ్లెవరూ స్వచ్ఛందంగా అక్రమ నిర్మాణం తొలగించి ఎరగరు. కోర్టుకెళ్లేవాళ్లు, కౌన్సిలర్ను తెచ్చేవాళ్లు, కిరసనాయిలు డబ్బా పట్టుకుని మేడెక్కేవాళ్లే అంతా. ఆయన ఫొటోగ్రాఫరును పిలిపించాడు. నూకరత్నం దూడను రెండు చేతులా ఎత్తుకుని కమాను కింద నిలబడితే, పక్కన తాను నిలబడి ఫొటో దిగాడు. "ఆదర్శ పౌరురాలు," అన్నాడు.

ఆదర్శ పౌరురాలు దూడతో గేటు దాటింది. దూడ మెడ తిప్పి అమ్మను పిలిచింది.

కస్తూరి లేచింది. ఒక్క గుంజు గుంజింది. మూల పలుపు తన శిథిలమయ్యే హక్కును వినియోగించుకుంది.

రిబ్బను కొమ్ములకు చుట్టుకుని రాగా కస్తూరి రోడ్డెక్కింది. వెనక సూర్యప్రభాకరంగారు, కమిషనరుగారు, టేపులవాళ్లు. "పట్టుకోండి, పట్టుకోండి," అని ఒకరు. "ముట్టుకోవద్దు, ముట్టుకోవద్దు," అని ఇంకొకరు. రెండూ ఉత్తర్వులే. చివరికి సూర్యప్రభాకరంగారు దాని ముందుకు పరిగెత్తి చేతులు బార్లా చాచాడు. గేదె ఆగలేదు. తగలకుండా ఉండటానికి ఆయన వెనక్కి వెనక్కి నడిచాడు. అలా ముందు దూడతో నూకరత్నం, ఆమె తరవాత వెనక్కి నడిచే అధికారి, ఆయన ఎదుట గేదె, షాపింగ్ మాల్ ముందు నుంచి, పాత తపాలా ఆఫీసు ముందు నుంచి ఊరేగింపుగా వెళ్లారు. బ్యూటీ పార్లరులో జుట్టు కత్తిరించుకుంటున్నావిడ స్టాంపుల కిటికీలోంచి తల బయటికి లాగి మరీ చూసింది.

కస్తూరి నూకరత్నం పాకలోకి వెళ్లి, పరిచి ఉన్న గడ్డి మీద దూడ పక్కన పడుకుంది. అచ్చం ఫొటోలో ఉన్న భంగిమే.

*

మునిసిపాలిటీలో అత్యవసర సమావేశం జరిగింది.

"వెనక్కి తోలుకొస్తే పోలా?" అన్నారు పురుషోత్తంగారు.

"అంశాన్ని కదిలించరాదు సార్," అన్నాడు సూర్యప్రభాకరం.

"అదే కదిలిందిగా!"

"అది స్వయంగా కదలడంపై నిషేధం లేదు సార్. మనం కదిలించడంపైనే. ఇప్పుడెక్కడుందో అక్కడే పరిరక్షించాలి. కాబట్టి వారసత్వ ఆవరణను ఆ పాక దాకా పొడిగిద్దాం."

నీహారికగారు చప్పట్లు కొట్టింది. వారసత్వం ప్రజల మధ్యకు నడిచి వెళ్లడం ఇదే మొదటిసారి అంది.

మర్నాడు ముగ్గురూ కాగితాలు పట్టుకుని నూకరత్నం ఇంటికొచ్చారు. ఏసుపాదం ముందే వచ్చి విషయం చెవిన వేశాడు. సంతకం పడితే పాకతో పాటు ఇల్లూ వాకిలీ, చట్టీ కుండా అన్నీ జాతి సంపదే. పొయ్యి రాజేయాలన్నా కమిటీ అనుమతి కావాలి. మళ్లీ కార్డు పట్టుకుని, ఈసారి తన ఇంటి బయట తానే నిలబడాలి. నూకరత్నానికి గుండెలో రాయి పడ్డట్టయింది. అయినా ఇంటికొచ్చినవాళ్లు. నులకమంచం వాల్చి కూర్చోబెట్టి, ముగ్గురికీ తలో గిన్నెలో జున్ను పెట్టింది. మిరియాలు, బెల్లం వేసి పొద్దున్నే వండిన జున్ను.

కమిషనరుగారు రెండోసారి పెట్టించుకున్నారు. సూర్యప్రభాకరంగారు తింటూనే రాసుకున్నాడు. "గేదె. నులకమంచం. తవుడు బస్తా. గుంజ. దడి."

"అన్నీ రాయాలాండి?" అంది నూకరత్నం.

"సంతకం పడే క్షణంలో దడి లోపల ఏముంటే అవన్నీ అమ్మా. ఆవగింజ కూడా వదలం."

"ఇంక వాటిని కదపకూడదా?"

"కదపరాదు."

"కడక్కూడదా?"

"కడగరాదు."

"ఇదివరకు చేసే పని చెయ్యకూడదా?"

"కొత్త వినియోగం వెతుకుతాం," అంది నీహారికగారు చెంచా నాకుతూ.

సూర్యప్రభాకరంగారు పెన్ను మూత తీశాడు. నూకరత్నం ఆయన వంక, మంచం మీద కమిషనరుగారి వంక, గడప దగ్గర చతికిలబడ్డ నీహారికగారి వంక చూసింది. నిజంగానే జాలేసింది.

"అయ్యో, బాబూ!" అంది. "మీరు ముగ్గురూ లోపలే ఉన్నారు కదండి. సంతకం పెట్టేత్తే మీ ఇళ్లల్లోవాళ్లు ఏమైపోతారండి?"

పెన్ను ఆగింది.

సూర్యప్రభాకరంగారు నిబంధనల పుస్తకం తీశాడు. పేజీలు తిప్పే కొద్దీ మొహం పాలిపోయింది. ప్రాణమున్న అంశాలకు మినహాయింపు ఎక్కడా లేదు. ప్రాణమున్నా అంశం అంశమేనని కస్తూరి విషయంలో పట్టుబట్టింది తనే. బయట నిలబడి సంతకం పెడదామంటే లోపలే నిలబడి పెట్టాలని కొత్త సర్క్యులర్.

"అంటే నేను... కమిషనరుగా..." అన్నారు పురుషోత్తంగారు.

"మీ మూల వినియోగం ముగిసినట్టే సార్."

"స్నానం?"

"కాలం పూసిన పూత సార్."

కమిషనరుగారు గిన్నె మంచం మీద పెట్టి, ఆ వయసులో ఎవరూ ఊహించనంత చురుగ్గా దడి దూకారు. పక్కనే తడిక తలుపు బార్లా తీసే ఉంది, కనబడలేదు. నీహారికగారు చీర చెంగు ముళ్లకు తగులుకున్నా ఆగలేదు. సూర్యప్రభాకరంగారు ఒక్కడే నిబద్ధత కొద్దీ కాసేపు తటపటాయించి, పెన్నుకు మూత పెట్టి, తడిక తలుపు గుండా మర్యాదగా వెళ్లిపోయాడు.

"జున్ను తినేసి వెళ్లండి బాబూ," అంది నూకరత్నం వెనక నుంచి.

*

ఆ ఫైలు ఇప్పటికీ మునిసిపాలిటీలోనే ఉంది. దడి లోపల నిలబడి సంతకం పెట్టే అధికారి దొరికిన రోజున నూకరత్నం పాక వారసత్వమవుతుంది. వెతుకుతున్నారు.

బందెలదొడ్డి ప్రాంగణం ఘనంగా ప్రారంభమైంది. గెజిట్ తప్పు కాకూడదని ఒక శిల్పి చేత నల్లరాతి గేదెను చెక్కించి, పడుకొన్న భంగిమలో అక్కడే పెట్టారు. దాని కొమ్ములకు చేతిసంచులు చక్కగా నిలుస్తున్నాయి. కాఫీకి పాలు నూకరత్నమే పోస్తోంది. ఏసుపాదానికి తలపాగా చుట్టి తలుపు దగ్గర నిలబెట్టారు. వచ్చినవాళ్లకు నమస్కారం పెట్టడం అతని కొత్త వినియోగం.

మొన్న కస్తూరి దూడను వెంటబెట్టుకుని మళ్లీ పార్కులో దూరింది. కొరియా గడ్డి రుచి మరిగింది కదా. కమిషనరుగారు కిటికీలోంచి చూసి కేకలేస్తే, ఏసుపాదం తలపాగాతోనే పరిగెత్తి దాని పలుపు పట్టుకున్నాడు. కొత్త పలుపు, గట్టిదే.

"పట్టేసానండి!" అని అరిచాడు. "ఎక్కడ కట్టమంటారండి?"

కమిషనరుగారు రోడ్డు అవతల ప్రాంగణం వైపు చూశారు. కమాను కింద జనం కాఫీ తాగుతున్నారు. ఊళ్లో బందెలదొడ్డి ఇంకోటి లేదు. ఆయన కిటికీ మూసుకున్నారు. ఏసుపాదం పలుపు వదిలేశాడు. కస్తూరి దూడకు ఏ మూల గడ్డి లేతగా ఉందో చూపించడంలో పడింది.